నమూనా కార్ల పునర్జన్మ

ఒక గ్రంథము ప్రతులన్నియు చెల్లిపోయి ఏబది యేండ్లు గడచినను దానిని మరల ముద్రించుట అసాధ్యము కాదు. ఎక్కడనో ఒక గ్రంథాలయములో ఒక్క ప్రతి మిగిలియున్న చాలును. దానిని చూచి అక్షరములు కూర్చి వేయి ప్రతులు తీయవచ్చును. ప్లాస్టిక్‌తో పోతపోసిన వస్తువు సంగతి చాల కాలము అట్లు కాలేదు. వస్తువు చేతిలోనే యున్నను, దానిని పోసిన ఉక్కు అచ్చు లేనిచో రెండవ ప్రతి పుట్టదు. అమెరికాలో 1960 దశకమున వెలువడిన ప్లాస్టిక్ నమూనా కార్ల చరిత్ర ఇందుకు చక్కని ఉదాహరణము. బాలుర వినోదమునకై తయారైన ఈ చిన్న వస్తువులను మరల విడుదల చేయుటకు నేటి ఇంజనీర్లు పడుచున్న శ్రమను పరిశీలించినచో, రసాయన శాస్త్రము, యంత్రవిద్య, వ్యాపారము మూడును కలిసిన ఒక కథ బయటపడును.

కండ బలముగల కార్లు

ఆ నమూనాలలో ఎక్కువ ఆదరణ పొందినవి "మజిల్ కార్లు". మజిల్ అనగా కండ. మధ్యరకపు పరిమాణము, సాధారణ ధర గల కారులో, పెద్ద కార్లకు మాత్రమే వాడు భారీ ఇంజనును అమర్చినచో అది మజిల్ కారగును. ఈ రకమునకు ఆద్యముగా 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ. ను చెప్పుదురు. ఆ కాలమున జనరల్ మోటార్స్ సంస్థ తన మధ్యరకపు కార్లలో 330 ఘనపు అంగుళములకు మించిన ఇంజను ఉండరాదని నియమము పెట్టుకొనెను. పాంటియాక్ విభాగమువారు 389 ఘనపు అంగుళముల, అనగా సుమారు 6.4 లీటర్ల, ఇంజనును "కోరినవారికి అదనపు అమరిక" అను పేరుతో అందించి ఆ నియమమును దాటిరి. కారు విశేషముగా అమ్ముడుపోయెను. వెంటనే ఫోర్డు, క్రైస్లర్, షెవ్రొలే కార్ల నిర్మాతలు పోటీకి దిగిరి. 1970 నాటి షెవ్రొలే షెవెల్ కారుకు అమర్చిన 454 ఘనపు అంగుళముల ఇంజను శక్తిని 450 అశ్వశక్తిగా ప్రకటించిరి.

ఈ వైభవము పదేండ్లు కూడ నిలువలేదు. భీమా సంస్థలు ఇట్టి కార్లపై రుసుము పెంచినవి. 1970లో అమెరికా ప్రభుత్వము వాయు కాలుష్యమును అరికట్టుటకు కఠినమైన చట్టము చేసెను. 1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు సరఫరాను నిలిపివేయగా పెట్రోలు కరవు ఏర్పడెను. 1974తో పాంటియాక్ జి.టి.ఓ. ఉత్పత్తి ముగిసెను. రోడ్లపై తిరిగిన వేలకొలది కార్లు తుప్పుపట్టి తుక్కులో కలిసినవి.

దుకాణము నుండి పెట్టెలోనికి

నమూనా కార్లు మొదట ఆటవస్తువులుగా పుట్టలేదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము కార్ల సంస్థలు తమ అమ్మకపుదారులకు చిన్న నమూనాలను ఇచ్చెడివి. కొనదలచినవారు కారు ఆకారమును, రంగును అందులో చూచుకొనెడివారు. ఇట్టి నమూనాల తయారీకై 1948లో మిషిగన్ రాష్ట్రమున ఎ.ఎమ్.టి. సంస్థ ఏర్పడెను. "అల్యూమినియం మోడల్ టాయ్స్" అను మాటల మొదటి అక్షరములే దాని పేరు. మొదటి నమూనాను అల్యూమినియముతో పోసినను, త్వరలోనే సంస్థ ప్లాస్టిక్‌కు మారెను. డెట్రాయిట్ నగరములోని జో-హాన్ సంస్థ కూడ ఇదే పని చేసెను. కొత్త కారు బజారుకు రాకముందే కార్ల నిర్మాతలు దాని చిత్రపటములను ఈ సంస్థలకు అందించెడివారు. అందుచేతనే నిజమైన కారుతోపాటే దాని నమూనా కూడ వెలువడెడిది.

1958లో ఎ.ఎమ్.టి. సంస్థ ఒక కొత్త మార్గము తొక్కెను. నమూనాను పూర్తిగా తయారుచేసి అమ్ముటకు బదులు, విడి భాగములను పెట్టెలో ఉంచి అమ్మెను. ఆ భాగములతో బాలుడు తన ఇష్టమునుబట్టి మూడు విధములలో ఒక విధమైన కారును కూర్చుకొనవచ్చును: దుకాణములో అమ్ము కారు, అలంకరించిన కారు, పందెపు కారు. ఈ పెట్టెలకే "కిట్లు" అని పేరు. 1963లో ఎమ్.పి.సి. అను మరియొక సంస్థ మిషిగన్‌లోనే ప్రారంభమయ్యెను. చికాగో ప్రాంతపు మోనోగ్రామ్, కాలిఫోర్నియాలోని రెవెల్ సంస్థలు కూడ ఈ రంగములో పేరొందినవి.

ఈ కిట్లలో ఎక్కువ భాగము 1:25 ప్రమాణమున ఉండును. 1964 నాటి జి.టి.ఓ. పొడవు 203 అంగుళములు, అనగా సుమారు 516 సెంటీమీటర్లు. దాని నమూనా పొడవు 20.6 సెంటీమీటర్లు మాత్రమే. పొడవు 25 వ వంతు కాగా, ఉపరితలము 625 వ వంతు, ఘనపరిమాణము 15,625 వ వంతు అగును. 1,600 కిలోగ్రాముల కారును అదే పదార్థములతో ఆ ప్రమాణమునకు కుదించినచో దాని బరువు సుమారు 102 గ్రాములు.

కాని అన్నింటిని ఆ ప్రకారము కుదించుట సాధ్యము కాదు. కారు పైభాగపు ఉక్కు రేకు మందము సుమారు 1 మిల్లీమీటరు. దానిలో 25 వ వంతు 0.04 మిల్లీమీటరు. అంత సన్నని సందులో కరగిన ప్లాస్టిక్ ప్రవహింపజాలదు. కావున నమూనా గోడలను 1 మిల్లీమీటరుకు తగ్గకుండ పోయుదురు. నిజమైన కారుకు 25 మిల్లీమీటర్ల మందపు కవచము తొడిగినట్లు! బయటి రూపము నిజమైనదే గాని, లోపలి మందము పదార్థ ధర్మమునకు లొంగినది.

పదార్థము, అచ్చు

మొదటి నమూనాలను సెల్యులోజ్ ఎసిటేట్ అను ప్లాస్టిక్‌తో పోసిరి. కొన్ని యేండ్లు గడచుసరికి అవి వంకరలు పోయినవి. ఆ ప్లాస్టిక్‌కు మెత్తదనము నిచ్చుటకై కలిపిన ద్రవ్యములు క్రమముగా వెలికి పోవుటయే దీనికి కారణము. ఆ లోపము లేనిది పాలిస్టైరీన్. 1839లో బెర్లిన్ నగరపు ఔషధ వర్తకుడు ఎడ్వర్డ్ సైమన్ స్టోరాక్స్ అను చెట్టు బంకను బట్టీపట్టి ఒక తైలమును తీసెను. కొలది దినములలో ఆ తైలము చిక్కబడుట చూచి, అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసినదని భావించెను. నిజమునకు ఆ తైలపు అణువులే ఒకదానితో ఒకటి గొలుసుగా కూడినవి. ఇట్టి పదార్థములు పొడవైన గొలుసు అణువులని 1920లో హెర్మన్ స్టాడింజర్ ప్రతిపాదించెను. ఆ కృషికి ఆయనకు 1953లో నోబెల్ బహుమానము లభించెను. 1930 ప్రాంతమున జర్మనీలో పాలిస్టైరీన్ తయారీ వ్యాపార స్థాయిని అందుకొనెను.

పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మెత్తబడును. మరింత వేడిచేసినచో చిక్కని పాకమువలె ప్రవహించును. జంతికల గొట్టములో పిండిని ఒత్తినట్లు, యంత్రము ఆ పాకమును తీవ్రమైన ఒత్తిడితో ఉక్కు అచ్చులోనికి చిమ్మును. క్షణములలో అది చల్లారి గట్టిపడును. అచ్చు తెరచినచో, సన్నని ప్లాస్టిక్ కొమ్మలకు కాయలవలె అంటుకొనియున్న భాగములు బయటపడును. చల్లారునప్పుడు ప్లాస్టిక్ నూటికి అరవంతు వరకు కుదించుకొనును. కావున అచ్చును ఆ మేరకు పెద్దదిగా చెక్కవలెను.

అన్ని భాగములలో కారు పైతొడుగును పోయుటయే కష్టము. రెండు ముక్కల అచ్చు ఒకే దిక్కున తెరచుకొనును. కాని కారుకు ముందు దీపములు, వెనుక దీపములు, రెండు ప్రక్కల తలుపుల గీతలు ఉండును. అచ్చును పైకి లేపినచో ఆ గీతలు చెరిగిపోవును. దీనికై ముందునకు, వెనుకకు, ప్రక్కలకు జరుగు పలకలను అచ్చులో అమర్చిరి. పోత పూర్తికాగానే ఆ పలకలు నాలుగు వైపులకు తొలగును. ఇంత సూక్ష్మమైన అచ్చును తయారుచేయుటకు, ముందు పెద్ద ప్రమాణములో కొయ్యతో మాతృకను చెక్కి, పాంటోగ్రాఫ్ అను యంత్రముతో ఆ రూపమును తగ్గించుచు ఉక్కులోనికి దించెడివారు. నెలల తరబడి సాగు ఈ పని చాల ఖర్చుతో కూడినది.

ఏటేట చెరిగిన రూపములు

ఈ ఖర్చు వలననే పెద్ద నష్టము జరిగెను. అమెరికా కార్ల సంస్థలు ప్రతి సంవత్సరము కారు రూపమును కొంత మార్చెడివి. 1964 జి.టి.ఓ. కు ముందు దీపములు ప్రక్కప్రక్కన ఉండగా, 1965 కారుకు ఒకదానిపై ఒకటి నిలువుగా ఉండెను. నమూనా కూడ ఏటేట మారవలెను గదా! ప్రతి యేట కొత్త అచ్చు చేయు స్తోమత లేని నమూనా సంస్థలు పాత అచ్చునే సవరించినవి. ఉక్కును అతికించి, మరల చెక్కి, కొన్ని ముక్కలను తీసి కొత్తవి అమర్చినవి. ఆ క్షణముతో గత సంవత్సరపు నమూనా అంతరించెడిది. కొన్ని సంవత్సరములు గడచిన పిమ్మట అట్టి అచ్చులను కొన్నింటిని పందెపు కార్లుగా మార్చిరి. వెడల్పాటి చక్రములకై ప్రక్కలను కోసివేసిరి. నాటి వ్యాపారి దృష్టిలో నిరుటి కారు నిరుటి పంచాంగమువంటిది. దానిని దాచుకొనవలెనని ఎవరికి తోచును?

తరువాత సంస్థలే చేతులు మారినవి. 1978లో ఎ.ఎమ్.టి. ని ఇంగ్లండుకు చెందిన లెస్నీ సంస్థ కొనెను. 1980 దశకమున ఎ.ఎమ్.టి., ఎమ్.పి.సి. రెండును, ట్రాక్టరు బొమ్మలకు పేరొందిన ఎర్ట్‌ల్ సంస్థ వశమైనవి. 2012లో అవి ఇండియానా రాష్ట్రములోని రౌండ్ 2 సంస్థకు చేరినవి. ఇంటి పేరు మారినప్పుడెల్ల టన్నులకొలది బరువుగల అచ్చులు ఊరు మారవలసివచ్చెను.

మూడు విధముల పునర్విడుదల

నాటి బాలురు పెద్దవారై, తాము కూర్చిన కిట్లను మరల కోరసాగిరి. పునర్విడుదల మూడు విధములుగా జరుగును. మొదటిది సులభము: అచ్చు చెక్కుచెదరక యున్నచో, దానిని శుభ్రపరచి యంత్రమునకు ఎక్కించుటయే. రెండవది, అచ్చు ఉన్నది గాని మార్పులకు గురియైనది. అప్పుడు కోల్పోయిన భాగములకు మాత్రము కొత్త ఉక్కు ముక్కలను చెక్కి అమర్చవలెను. మూడవది, అచ్చు పూర్తిగా లేనిది. ఇచటనే గ్రంథ ముద్రణతో పోలిక మరల వచ్చును.

ఇప్పుడు అచ్చు లేకున్నను, కూర్చకుండ పెట్టెలో మిగిలిన ఒక్క కిట్టు దొరికిన చాలును. కాంతికిరణముల సాయముతో దాని ఉపరితలముపై లక్షలకొలది బిందువుల స్థానములను కొలిచి, కంప్యూటరులో ఆ రూపమును నిర్మించి, దాని ఆధారముతో కొత్త అచ్చును చెక్కవచ్చును. రౌండ్ 2 సంస్థ కొన్ని పాత కిట్లను ఇట్లే తిరిగి సృష్టించినది. అయినను జాగ్రత్త అవసరము. కొలిచిన భాగము ఒకసారి కుదించుకొనినదే. దానినుండి పోసినది మరల కుదించుకొనును. ఈ లెక్క తప్పినచో కొత్త భాగములు పాతవానికన్న చిన్నవగును. పైగా కారు పేరును, ఆకారమును వాడుటకు కార్ల సంస్థల అనుమతి పొందవలెను. పెట్టెపై బొమ్మను, నీటితో అంటించు గుర్తుల కాగితమును కూడ కొత్తగా గీయవలెను.

ఇంతకన్న చిక్కు ప్రశ్న మరియొకటి కలదు. పాత కిట్టులో తప్పున్నచో ఏమి చేయవలెను? పైకప్పు వంపు నిజమైన కారుతో సరిపోలకున్నచో దిద్దవలెనా, విడువవలెనా? తాళపత్ర గ్రంథములను పరిష్కరించు పండితుని యెదుట నిలుచు ప్రశ్న ఇదియే. నిజమైన కారును కోరువారు దిద్దుమందురు. 1960 దశకపు నమూనానే కోరువారు ముట్టవద్దందురు. మొదటి పక్షమునకు కారు చరిత్ర ముఖ్యము. రెండవ పక్షమునకు కిట్టు చరిత్ర ముఖ్యము. రెండును చరిత్రలే గనుక, దిద్దినప్పుడు ఆ విషయమును కొనువారికి తెలుపుట న్యాయము.

పునర్విడుదలతో పాత పెట్టెల ధర పడిపోవునని వానిని దాచినవారు కొందరు విచారింతురు. కాని అచ్చు చెరిగిన కిట్టును బ్రతికించినది వారు దాచిన పెట్టెయే. తయారుచేసిన సంస్థ నిరుటి సరకని చెరిపివేసిన రూపమును, ఏ అటకమీదనో తెరవక మిగిలిన పెట్టె కాపాడెను.

ఈ విషయమును తరగతిలో బోధించుటకు నమూనా కారే అక్కరలేదు. ఒక ప్లాస్టిక్ కలము మూతనో, దువ్వెననో విద్యార్థుల చేతికిచ్చి పరిశీలింపజేయవచ్చును. అచ్చు రెండు ముక్కలు కలిసిన చోట సన్నని గీత, ప్లాస్టిక్ లోనికి ప్రవేశించిన చోట చిన్న మచ్చ కనబడును. వస్తువు ఏ అచ్చునుండి ఎట్లు పుట్టినదో ఆ గీత, ఆ మచ్చ చెప్పును. అచ్చు తుక్కైపోయిన పిమ్మట దాని చరిత్రకు మిగులు సాక్ష్యము అంతియే.