రాగి రేకు నుంచి పీడీఎఫ్ దాకా: లెటర్‌హెడ్‌ని మనం ఎందుకు నమ్ముతాం?

ఈరోజు ఎపిసోడ్ ఒక పీడీఎఫ్‌తో మొదలుపెడదాం.

పోయిన ఏడాది మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక ఫైల్ పంపాడు. కింద ఒకటే లైన్: "అన్నా, జాబ్ వచ్చింది!" ఓపెన్ చేశాను. ఆఫర్ లెటర్. పైన ఒక పెద్ద కంపెనీ లోగో, కింద అడ్రస్, మూలన గుండ్రటి స్టాంపు. చూడ్డానికి పక్కాగా ఉంది. నేను కంగ్రాట్స్ చెప్పేలోపే ఇంకో మెసేజ్ వచ్చింది. ల్యాప్‌టాప్ డిపాజిట్ అని 12,000 కట్టించుకున్నారట, జాయిన్ అయ్యాక తిరిగి ఇస్తారట.

వెంటనే ఫోన్ చేశాను. "ఎలా నమ్మావురా?" అంటే వాడు చెప్పిన జవాబు: "అదేంటన్నా, లెటర్‌హెడ్ మీదే ఇచ్చారు కదా!"

ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే నా మొదటి ఉద్యోగంలో నేను చేసిన పని అదే. కంపెనీ నుంచి వెళ్లే ప్రతి ఉత్తరానికీ, ప్రతి బిల్లుకీ వెనకాల లెటర్‌హెడ్ బొమ్మ అతికించే ప్రోగ్రామ్ రాయడం. పట్టుమని పదిహేను లైన్ల కోడ్. ఆ బొమ్మ ఎవరిదైనా కావచ్చు, కింద రాత ఏదైనా కావచ్చు. ప్రోగ్రామ్ అడగదు. మరి అంత తేలికగా అతికే బొమ్మకి ఇంత నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది? దానికి కాస్త వెనక్కి వెళ్లాలి. కాస్త అంటే ఓ పదమూడు వందల ఏళ్లు!

వేంగి చాళుక్యుల తామ్ర శాసనాలు మ్యూజియంలో ఎప్పుడైనా చూశారా? రాజు ఒక ఊరిని ఎవరికైనా దానం ఇస్తే, ఆ సంగతి రాగి రేకుల మీద చెక్కించేవాడు. రేకులన్నిటికీ ఒక పక్కన రంధ్రం. అందులోంచి ఒక రాగి కడియం దూర్చి, దాని రెండు కొసల్నీ ఒక గుండ్రటి ముద్రలో బిగించేసేవాళ్లు. చాలా ముద్రల మీద వరాహం, చంద్రవంక, అంకుశం, మధ్యలో 'శ్రీ త్రిభువనాంకుశ' అనే అక్షరాలు కనిపిస్తాయి. అప్పటి లోగో, అప్పటి కంపెనీ పేరు అనుకోండి.

కానీ ఇక్కడ అసలు విషయం బొమ్మ కాదు, కడియం. మధ్యలో ఒక రేకు తీసేసి ఇంకోటి పెట్టాలంటే కడియం కోయాలి. కోస్తే తెలిసిపోతుంది. అందుకే శాసనాలు చదివే పండితులు తమ చేతికి వచ్చేసరికి కడియం కోసి ఉందా, లేదా అన్నది కూడా రాసిపెట్టేవాళ్లు. అంటే ముద్ర రాతకి పైన కూర్చోలేదు. రాతని పట్టుకుని ఉంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

మరి అప్పుడు ఫేక్‌లు లేవా? ఎందుకు లేవు! ఉత్తరప్రదేశ్‌లో మధుబన్ అనే చోట హర్షవర్ధనుడి తామ్ర శాసనం ఒకటి దొరికింది. క్రీ.శ. 631 నాటిది. సోమకుండక అనే ఊరిని వామరథ్యుడనే వ్యక్తి దొంగ శాసనంతో అనుభవిస్తున్నాడని, ఆ రేకుని విరగ్గొట్టించి, ఊరిని వేరే ఇద్దరికి ఇస్తున్నానని అందులో ఉంది. దొంగ శాసనానికి అందులో వాడిన మాట 'కూటశాసనం'. మా తమ్ముడికి వచ్చింది కూడా కూటశాసనమే, కాకపోతే పీడీఎఫ్‌లో!

ఇప్పుడు ప్రింటింగ్ కాలానికి వద్దాం. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్, అమెరికా వ్యాపారులు తమ ఉత్తరాల మీద, బిల్లుల మీద పెద్ద పెద్ద బొమ్మలు వేయించుకునేవాళ్లు. ఫ్యాక్టరీ, పొగ గొట్టాలు, గెలుచుకున్న మెడల్స్, అన్నీ. ఆ బొమ్మని లోహపు పలక మీదో, రాతి మీదో చేత్తో గీయాలి. మంచి పనివాడు కావాలి, ప్రెస్ కావాలి, డబ్బు కావాలి. కాబట్టి లెటర్‌హెడ్ చూస్తే "వీళ్లకి నిజంగా ఒక ఆఫీసు ఉంది" అనే ధైర్యం వచ్చేది. గమనించారా, కడియం పోయింది. బొమ్మ మాత్రం మిగిలింది. ఇక్కడ నమ్మకం ముద్ర వల్ల కాదు, ఖర్చు వల్ల. తర్వాత చట్టాలు కూడా దీన్ని పట్టుకున్నాయి. మన దగ్గర 2013 కంపెనీల చట్టం సెక్షన్ 12 ప్రకారం కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీసు అడ్రస్, 21 అక్షరాల సీఐఎన్ నంబరు ఉత్తరాల మీద, బిల్లుల మీద ఉండి తీరాలి.

ఆ తర్వాత కంప్యూటర్ వచ్చింది. పాత లైన్ ప్రింటర్లు అక్షరాలు కొట్టగలవు గానీ లోగో గీయలేవు. అందుకే లెటర్‌హెడ్ ముందే అచ్చేసిన కాగితం కట్టలు ప్రెస్ నుంచి తెప్పించి ప్రింటర్‌లో పెట్టేవాళ్లు. అడ్రస్ మారిందా, మిగిలిన కట్టలన్నీ చిత్తు కాగితాలే.

దీన్ని మార్చింది లేజర్ ప్రింటర్. 1976 నుంచి ఆఫీసుల్లోకి వచ్చిన ఐబీఎం 3800లో ఒక తమాషా ఏర్పాటు ఉండేది. లెటర్‌హెడ్‌ని, గళ్లని ఫోటో నెగటివ్‌గా తీసి మెషీన్ లోపల పెట్టేవాళ్లు. లేజర్ అక్షరాలు రాస్తుంటే, ఒక ఫ్లాష్ లైటు ఆ నెగటివ్ బొమ్మని అదే డ్రమ్ము మీద వేసేది. తెల్ల కాగితం లోపలికి వెళ్లి, లెటర్‌హెడ్‌తో బయటికి వచ్చేది. మరుసటి ఏడాదే, 1977లో, జిరాక్స్ 9700 వచ్చింది. అందులో నెగటివ్ కూడా లేదు. లెటర్‌హెడ్ డిస్క్‌లో ఉండే డేటా అయిపోయింది. అంటే కాపీ చేయడానికి పనివాడు అక్కర్లేదు, ప్రెస్ అక్కర్లేదు. ఖర్చు వల్ల వచ్చిన నమ్మకానికి పునాది అక్కడే కదిలింది.

1993లో అడోబీ పీడీఎఫ్ తెచ్చింది. ఇందులో ఫారం ఎక్స్‌ఆబ్జెక్ట్ అని ఒకటి ఉంటుంది. మళ్లీ మళ్లీ వచ్చే బొమ్మని ఫైల్‌లో ఒక్కసారి దాచి, ప్రతి పేజీలో "అదే ఇక్కడ వెయ్యి" అని చెప్పొచ్చు. దీనికి పీడీఎఫ్ స్పెసిఫికేషన్‌లో ఇచ్చిన ఉదాహరణల్లో కంపెనీ లోగో కూడా ఒకటి. నేను ఉద్యోగంలో వాడింది ఇదే. మొదటి పేజీకి పూర్తి లెటర్‌హెడ్, రెండో పేజీ నుంచి చిన్న లోగో. ముందు బొమ్మ వేయాలి, దాని మీద అక్షరాలు వేయాలి. వరస తారుమారైతే బొమ్మ అక్షరాల్ని మింగేస్తుంది. ఒకసారి పై మార్జిన్ తక్కువ ఇచ్చి, కొన్ని వందల ఉత్తరాల్లో కస్టమర్ పేరుని మా లోగో మీదికి ఎక్కించిన ఘనత కూడా నాదే!

ఆ రోజు తిట్లు తిన్నాను గానీ, ఒక సంగతి బాగా అర్థమైంది. బొమ్మకీ రాతకీ మధ్య ఏ ముడీ లేదు. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డ పొరలు, అంతే.

మరి కడియం ఇప్పుడు లేదా? ఉంది. దాని పేరు డిజిటల్ సంతకం. 2000లో వచ్చిన ఐటీ చట్టం దీనికి మన దేశంలో చట్టబద్ధత ఇచ్చింది. ఫైల్‌లో ఉన్నదంతా లెక్కగట్టి ఒక చిన్న గుర్తు తయారు చేస్తారు. దాన్ని సంతకం చేసేవాళ్ల రహస్య కీతో ముడివేస్తారు. తర్వాత ఎవరైనా ఒక్క అక్షరం మార్చినా లెక్క కుదరదు. కడియం కోసినట్టు తెలిసిపోతుంది. ఇ-ఆధార్ పీడీఎఫ్‌లో మీరు చూసే సంతకం అదే. కానీ సంతకం బొమ్మని కాపీ కొట్టడం కూడా తేలికే. కాబట్టి పచ్చ టిక్కు కనిపించింది కదా అని ఊరుకోకండి. కంప్యూటర్‌లో పీడీఎఫ్ రీడర్‌లో తెరిచి, సంతకం మీద క్లిక్ చేసి, ఎవరి పేరు మీద ఉందో చూడండి.

అసలు సంతకమే లేకపోతే? ఆఫర్ లెటర్‌లో ఉన్న ఫోన్ నంబరుకి చేయొద్దు. ఆ కంపెనీ వెబ్‌సైట్‌ని మీరే వెతికి, అక్కడున్న నంబరుకి చేయండి. సీఐఎన్ నంబరుని కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కొట్టి చూడండి. కానీ అది కంపెనీ ఉందని మాత్రమే చెబుతుంది, ఆ ఉత్తరం వాళ్లదే అని చెప్పదు. ఇక ఉద్యోగం ఇస్తామంటూ డబ్బు అడిగితే అక్కడే ఆగిపోండి.

మా తమ్ముడి లెటర్‌లో లోగో అసలైనదే. కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఎత్తేశారు. పెద్దది చేసి చూస్తే అంచులు మసకగా ఉన్నాయి. అడ్రస్ కూడా నిజమే. అబద్ధం ఒక్కటే, ఆ ఉత్తరం. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేశాం. కట్టి అప్పటికే తొమ్మిది రోజులైంది, డబ్బు రాలేదు. పిన్నికి ఇప్పటికీ ఆ సంగతి తెలియదు. జాబ్ వచ్చిందని వీధిలో స్వీట్లు పంచింది మరి.

ఇప్పుడు వాడికి ఏ పీడీఎఫ్ వచ్చినా ముందు నాకు ఒక మెసేజ్ పెడతాడు: "అన్నా, దీనికి కడియం ఉందా?"

మీరూ అదే అడగండి. ఉంటాను ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.