నవజాత శిశువుల వైమానిక వైద్య రవాణా (ఆస్ట్రేలియా)

పుట్టిన చోట తగిన వైద్యం దొరకని నవజాత శిశువులను, చిన్నపిల్లలను విమానంలోనో హెలికాప్టర్‌లోనో పెద్దాసుపత్రికి చేర్చే సేవ ఇది. పసిపిల్లల ఇంటెన్సివ్ కేర్‌లో శిక్షణ పొందిన డాక్టరు, నర్సు పరికరాలతో సహా బిడ్డ దగ్గరికే వెళ్తారు. అక్కడే చికిత్స మొదలుపెట్టి, బిడ్డ కాస్త నిలదొక్కుకున్నాక తీసుకొస్తారు. ఊళ్ల మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉండే ఆస్ట్రేలియాలో ఈ సేవ 1970ల్లోనే ఒక వ్యవస్థగా రూపుదిద్దుకుంది.

నేపథ్యం

నెలలు నిండని బిడ్డకు వెచ్చదనమే ప్రాణాధారమని గుర్తించిన పారిస్ వైద్యుడు స్తెఫాన్ తార్నియే 1880 ప్రాంతంలో ఇంక్యుబేటర్ వాడకం మొదలుపెట్టాడు. దారిలో బిడ్డ చల్లబడకుండా చూసేందుకు షికాగో వైద్యుడు జోసెఫ్ డిలీ, 1900 ప్రాంతంలో వెంట తీసుకెళ్లగల ఇంక్యుబేటర్‌ను ఉపయోగించాడు. 1960ల్లో నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగాలు వచ్చాయి. అవి మహానగరాలకే పరిమితం కావడంతో మారుమూల పుట్టిన బిడ్డను అక్కడికి ప్రాణాలతో చేర్చడమెలా అన్న సమస్య ముందుకొచ్చింది.

ఎగిరే డాక్టర్లు

ఆకాశమార్గాన వైద్యం అందించడం ఆస్ట్రేలియాకు అప్పటికే అలవాటు. క్రైస్తవ మతబోధకుడు జాన్ ఫ్లిన్ చొరవతో ఏర్పడిన వైమానిక వైద్యసేవ తొలి విమానం 1928 మే 17న క్వీన్స్‌లాండ్‌లోని క్లాంకరీ నుంచి జూలియా క్రీక్‌కు వెళ్లింది. క్వాంటస్ నుంచి అద్దెకు తీసుకున్న ఆ విమానం పేరు ‘విక్టరీ’. అందులో వెళ్లిన డాక్టరు కెన్యన్ సెయింట్ విన్సెంట్ వెల్ష్. కరెంటు లేని పశువుల క్షేత్రాల నుంచి డాక్టరుకు కబురందించేందుకు ఆల్‌ఫ్రెడ్ ట్రేగర్ తొక్కుడు రేడియోను తయారుచేశాడు. కాళ్లతో పెడళ్లు తొక్కుతుంటే పుట్టే విద్యుత్తుతో అది పనిచేసేది. ఈ సంస్థే తర్వాత రాయల్ ఫ్లయింగ్ డాక్టర్ సర్వీస్ అయింది.

ప్రత్యేక బృందాలు

పెద్దలకు సరిపోయే అంబులెన్సు కిలోన్నర బరువున్న బిడ్డకు సరిపోదు. మందు మోతాదు, శ్వాసగొట్టం, చేయితిరిగిన నర్సు, అన్నీ వేరుగా ఉండాలి. ఈ అవసరం కోసమే విక్టోరియా రాష్ట్రంలో 1976లో, న్యూ సౌత్ వేల్స్‌లో 1979లో నవజాత శిశువుల అత్యవసర రవాణా సేవలు ప్రారంభమయ్యాయి. దూరాన్నిబట్టి ఇవి అంబులెన్సు, హెలికాప్టర్, విమానాల్లో ఏది అనువైతే దాన్ని వాడతాయి. న్యూ సౌత్ వేల్స్ సేవ తర్వాత పెద్దపిల్లలకూ విస్తరించింది. విక్టోరియాలో నవజాత శిశువుల, పిల్లల, గర్భిణుల రవాణా సేవలు 2011లో ‘పైపర్’ పేరుతో ఒక్కటయ్యాయి. చిన్న ఊరి డాక్టరు ఒక్క ఫోన్ చేస్తే చాలు, నిపుణుడు లైనులోకి వస్తాడు. బృందం దారిలో ఉండగానే అక్కడ చికిత్స మొదలవుతుంది.

గాలిలో జాగ్రత్తలు

ఇంక్యుబేటర్, వెంటిలేటర్, ఆక్సిజన్ సిలిండర్లు, మందుల పంపులు, మానిటర్ అన్నీ ఒకే స్ట్రెచర్‌పై బిగించి ఉంటాయి. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గి, ఒంట్లో చిక్కుకున్న వాయువు వ్యాకోచిస్తుంది. 8,000 అడుగుల ఎత్తుకు సమానమైన క్యాబిన్ పీడనంలో అది మూడోవంతు పెరుగుతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన బిడ్డకు ఇది ప్రాణాపాయం. అందుకే బయల్దేరేముందే ఆ గాలిని తీసేస్తారు, పొట్టలోకి గొట్టం వేస్తారు. అవసరమైతే తక్కువ ఎత్తులో ఎగరమని పైలట్‌ను కోరతారు. హెలికాప్టర్ హోరులో స్టెతస్కోపుకు గుండె చప్పుడు వినబడదు. మానిటర్‌పై అంకెలు, బిడ్డ ఒంటి రంగు, ఛాతీ కదలికలే ఆధారం. అందుకే వేగం కన్నా సన్నద్ధతకే ఈ బృందాలు ప్రాధాన్యమిస్తాయి. బయల్దేరేముందు బిడ్డ దగ్గర గంటల తరబడి పనిచేయడమూ సాధారణమే.

ప్రస్తుత దృక్పథం

బాగా నెలలు తక్కువగా పుట్టే ప్రమాదం ముందే తెలిస్తే, కాన్పుకు ముందే తల్లిని పెద్దాసుపత్రికి చేర్చడం బిడ్డకు ఎక్కువ మేలని వైద్యలోకం ఏకాభిప్రాయానికి వచ్చింది. అందుకే గర్భిణిని తరలించే ఏర్పాటు కూడా ఈ సేవల్లో భాగమైంది. పుట్టాక బిడ్డను తరలించడం, తల్లిని ముందుగా చేర్చే వీలు లేనప్పుడు అనుసరించే మార్గం.