చోడి అంబలి, అడ్డాకు డొప్ప

మా తాత, మామ్మ గొలుగొండ కొండల కింద పోడు కొట్టి తొలి చేను చేసుకున్నవాళ్ళు. వేసవిలో తాత చెట్లు నరికితే మామ్మ తుప్పలు కొట్టి ఎండబెట్టేది. వానలకు ముందు కాల్చి, తొలకరికి చోడి, సామ, కంది కలిపి చల్లేవారు. పంట వేళ మంచె మీద రాత్రి కాపలా తాతది, పగలు పిట్టల కాపలా మామ్మది. పని ఇద్దరిదీ, చేను ఇద్దరిదీ. కాగితం మాత్రం ఎవరి పేరునా లేదు.

ఆరో తరగతికి నేను మైదానంలోని హాస్టల్‌కి వెళ్ళాను. అంబలి జుర్రుతాననీ, వేళ్ళు నాకుతాననీ అక్కడ నన్ను నవ్వులపాలు చేశారు. సెలవులకు ఇంటికొచ్చాక తాత అడ్డాకు డొప్ప ఎత్తి జుర్రుతుంటే, "అలా తాగకు తాతా, మర్యాద కాదు" అన్నాను. తాత నవ్వి ఊరుకున్నాడు. మామ్మ మాత్రం, "మీ హాస్టల్లో ఆకలితో వచ్చినోడికి ముందు పెడతారా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

మనకూ తిండి మర్యాదలున్నాయి. కొత్తల పండుగలో దేవతకు పెట్టనిదే కొత్త గింజ నోట పెట్టం. గడపలోకి వచ్చినవాణ్ణి వట్టి కడుపుతో పంపం. మర్యాద తప్పింది ఎవరో చరిత్ర చెబుతుంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీతలు పడినచోట పోడు నేరమైంది. తర్వాత గూడెం తహశీల్దారు బాస్టియన్ మనవాళ్ళ చేత రోడ్డు పని చేయించి సరైన కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంటే గాం గంటందొర, మల్లుదొర వంటివారిని అల్లూరి సీతారామరాజు వెంట నడిపించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న మన కృష్ణదేవిపేట పోలీసు స్టేషన్ల మీద దాడి జరిగింది. ఒకరి కష్టం తిని వాళ్ళకు పెట్టకపోవడం కన్నా చెడ్డ తిండి అలవాటు ఏముంది?

2023లో బడి భోజనంలో రాగి జావ చేర్చారు. అది మన చోడి అంబలికి చుట్టమే. ఒకప్పుడు నవ్వినవాళ్ళ పిల్లలూ ఇప్పుడు తాగుతున్నారు. సంతోషమే. కానీ ఆ గింజ పండించినవాళ్ళ నేల సంగతేమిటి?

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం, 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ సాగులో ఉన్న గిరిజన కుటుంబానికి 4 హెక్టార్ల వరకు హక్కు ఉంది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలి. మామ్మ కష్టాన్ని కాగితం ఒప్పుకున్నట్టే కదా! అనకాపల్లి జిల్లాలోని మన ఊళ్ళలో చాలావాటికి షెడ్యూల్డ్ ప్రాంతం హోదా లేదు. అయినా అడవి మీద బతికే గిరిజనులకు ఈ చట్టం అక్కడా వర్తిస్తుంది. ఊరి పెద్దలు చెప్పినది రాతలో పెడితే అదీ సాక్ష్యమే.

అందుకే తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ చేను మొదట ఎవరు కొట్టారో పెద్దల్ని అడిగి, భార్య పేరు, భర్త పేరు రెండూ రాసుకురమ్మని పిల్లలకు చెప్పండి. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, అడగడానికి వెళ్ళినప్పుడు పెద్దలు డొప్పలో అంబలి పోస్తారు. సిగ్గుపడకుండా జుర్రండి.