డేరా బరువు

శివరాత్రికి శ్రీశైలం నడిచి పోదామని, అత్తమ్మకు మంచు పడదని మా ఆయన అటక మీది పాత కాన్వాసు డేరా దించారు. ఎత్తబోతే నా నడుం పట్టేసింది! బీఏలో చదువుకున్న ఏనుగుల వీరాస్వామయ్య గుర్తొచ్చారు. 1830 మే 18న మద్రాసులో కాశీకి బయల్దేరి, మన అహోబిలం, మహానంది చూసుకునే శ్రీశైలం వెళ్ళారు. వెంట సుమారు వందమంది, పల్లకీ బోయీలు, డేరాలు. ముందున్నదంతా వానాకాలం. గుడ్డ డేరా తడిస్తే బాగా బరువెక్కుతుంది, ఆరకముందే మడిస్తే బూజు. రోజూ విప్పి, ఆరేసి, కట్టినవాళ్ళ నడుములు ఏమయ్యాయో! 1831 సెప్టెంబరు 3కి గానీ ఇల్లు చేరలేదు.

మాకు బోయీలెవరు? నైలాన్‌ది తేలికే గానీ అత్తమ్మ అందులోకి వంగి దూరలేదు. డేరా మళ్ళీ అటకెక్కింది. అత్తమ్మ మాత్రం రెండు కంబళ్ళు మూటకట్టుకొని కూర్చుంది.