ఆరోగ్యవరం

మదనపల్లె పక్కనే కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న చిన్న నివాస ప్రాంతం ఆరోగ్యవరం. టమోటా మార్కెట్టుకూ, నీరుగట్టువారిపల్లె పట్టుచీరలకూ పేరుపడ్డ మదనపల్లె వ్యాపారంతో పెరిగింది. ఆరోగ్యవరం మాత్రం ఒక ఆసుపత్రి చుట్టూ ఏర్పడింది. చుట్టుపక్కల వాళ్లకు అది చాలాకాలం ‘శానిటోరియం’గానే తెలుసు.

ఆ ఆసుపత్రి క్షయరోగుల కోసం మొదలైంది. అప్పట్లో క్షయకు మందు లేదు. గాలి, వెలుతురు, మంచి తిండి, నెలల తరబడి విశ్రాంతి, ఇదే వైద్యం. రోగిని జనసమ్మర్దానికి దూరంగా ఉంచాలి, అలాగని సరుకులూ రాకపోకలూ లేని చోట ఉంచలేరు. పొడి వాతావరణం, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, పట్టణంలోనే ఉన్న సంత మదనపల్లెకు కలిసొచ్చాయి. డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ 1912లో ఇక్కడ పని మొదలుపెట్టాడు. 1915లో ఆసుపత్రి ఇప్పటి స్థలానికి చేరింది. పలు క్రైస్తవ మిషన్లు కలిసి నడిపినందున దానికి యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం అని పేరు పెట్టారు.

తర్వాతి దశాబ్దాల్లో అది వైద్యంతో పాటు పరిశోధనకూ కేంద్రమైంది. దగ్గు, ఆయాసంతో వచ్చిన కొందరి ఎక్స్‌రేలో మచ్చలు క్షయలాగే ఉన్నా తెమడలో క్రిములు కనిపించేవి కావు. రక్తంలో ఈసినోఫిల్ కణాలు మాత్రం విపరీతంగా పెరిగి ఉండేవి. ఫ్రిమోట్ మోలర్, ఆయన సహరచయిత బార్టన్ ఈ కేసులను 1940లో ఇండియన్ మెడికల్ గెజిట్‌లో వివరించారు. 1943లో వైద్యుడు వైన్‌గార్టెన్ ఆ జబ్బుకు ‘ట్రాపికల్ ఈసినోఫీలియా’ అని పేరు పెట్టాడు. దానికి ఫైలేరియా పురుగులతో సంబంధం ఉందని తర్వాత తేలింది.

ఇక్కడ సూపరింటెండెంటుగా చేసిన డాక్టర్ పి.వి. బెంజమిన్ స్వాతంత్ర్యానంతరం కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు. 1948లో దేశంలో క్షయను అడ్డుకునే బీసీజీ టీకాను ప్రయోగాత్మకంగా వేసిన తొలి కేంద్రాల్లో మదనపల్లె ఒకటి.

అసలు మలుపు 1950లో వచ్చింది. అప్పటిదాకా రోగులే ఊళ్లు దాటి ఆరోగ్యవరం వచ్చేవారు. వ్యవస్థాపకుడి కుమారుడు యొహానెస్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలోని పరిశోధక బృందం ఇప్పుడు మదనపల్లె వీధుల్లోకి, చుట్టుపక్కల పల్లెల్లోకి వెళ్లింది. మొత్తం జనాభాలో క్షయ ఎంత ఉంది, ఎలా పాకుతోంది, టీకా ఎంతవరకు కాపాడుతోంది అని లెక్క తీసింది. 1950–55 నాటి ఆ అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో అచ్చయింది. ఆసుపత్రి గడప తొక్కని రోగులు ఎందరున్నారో తెలియాలంటే ఇలా ఊళ్లు తిరగడమే దారి.

ఈలోగా క్షయకు మందులుగా స్ట్రెప్టోమైసిన్, 1952 నుంచి ఐసోనియాజిడ్ అందుబాటులోకి వచ్చాయి. మందులు వాడితే ఇంట్లో ఉన్నా శానిటోరియంలో ఉన్నా ఫలితం దాదాపు ఒకటేనని 1959లో మద్రాసులో జరిగిన ఒక అధ్యయనం చూపింది. దీర్ఘకాలం మంచాన ఉంచే వైద్యానికి అవసరం తగ్గిపోయింది. శానిటోరియం క్రమంగా సాధారణ ఆసుపత్రిగా మారి, ఆరోగ్యవరం మెడికల్ సెంటర్ పేరుతో ఇతర జబ్బులకూ వైద్యం అందిస్తూ వచ్చింది.