రిమోట్ కథ

టీవీ రిమోట్ మనకు చాలా చిన్న వస్తువు. కానీ అది ఈ రూపానికి రావడానికి ఎన్నో ఏళ్లు పట్టింది.

1950లో అమెరికాలోని జెనిత్ కంపెనీ 'లేజీ బోన్స్' అనే రిమోట్ తెచ్చింది. ఆ పేరుకు సోమరిపోతు అని అర్థం. దానికి పొడవాటి తీగ ఉండేది, నడిచేవాళ్ల కాళ్లకు తగిలేది. 1955లో అదే కంపెనీ ఇంజనీరు యూజీన్ పాలీ టార్చిలైటు లాంటి రిమోట్ చేశాడు. తీగ పోయింది. కానీ టీవీ మీద ఎండ పడితే ఛానెల్ దానంతట అదే మారిపోయేది! అందుకే 1956లో రాబర్ట్ ఆడ్లర్ మన చెవికి వినబడని శబ్దంతో పనిచేసే రిమోట్ తయారుచేశాడు.

1980ల నాటికి మళ్లీ కాంతే వచ్చింది. ఈసారి కంటికి కనబడని పరారుణ కాంతి. ఎండలోనూ ఈ కాంతి ఉంటుంది కదా, మరి పాత తిప్పలు రావా? రిమోట్ దాన్ని సెకనుకు సుమారు 38,000 సార్లు వెలిగించి ఆర్పుతుంది. ఎండ అలా మిణుకుమనదు. అందుకే రిసీవర్ రెంటికీ తేడా పట్టేస్తుంది. ఒక్కో బటన్‌కు ఒక్కో సంకేతం వెళ్తుంది.

చిన్న రిసీవర్ తగిలిస్తే ఆ సంకేతాలు కంప్యూటరుకూ అందుతాయి. ఏ బటన్ నొక్కితే ఏ పని జరగాలో లినక్స్‌లో 'లిర్క్' అనే సాఫ్ట్‌వేర్‌తో మనమే చెప్పుకోవచ్చు. అప్పుడు పాత టీవీ రిమోట్‌తోనే కంప్యూటర్లో పాటలు, సినిమాలు నడుస్తాయి. మౌస్ పట్టడం రాని తాతయ్య, మంచం దిగలేని నాయనమ్మ ఎవరినీ పిలవకుండా తమకు నచ్చింది చూసుకోగలరు. లేవలేని వాళ్లను సోమరులని ఎవరంటారు? వాళ్ల చేతిలో రిమోట్ అంటే స్వాతంత్ర్యమే.