యేసు ఓటింగ్‌లో గెలిచి దేవుడయ్యాడా?

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక వాట్సాప్ ఫార్వర్డ్‌తో మొదలుపెడతాను. మీకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. క్రీ.శ. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ నైసియా అనే ఊళ్ళో బిషప్పులందర్నీ కూర్చోబెట్టి ఓటింగ్ పెట్టించాడట. అందులో యేసు దేవుడిగా గెలిచాడట. అప్పటిదాకా ఆయన్ని అందరూ మామూలు మనిషిగానే చూసేవారట. డావిన్చీ కోడ్ నవల, ఆ తర్వాత సినిమా వచ్చాక ఈ కథ ప్రపంచమంతా తిరిగింది.

డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నేను కూడా ఈ కథ చాలా గొప్పగా చెప్పేవాణ్ణి. నా రూమ్మేట్ ఒక పాస్టరుగారి అబ్బాయి. వాడు కోప్పడలేదు. ఒకే ఒక్క మాట అడిగాడు. "ఒరేయ్, 325లో ఓటేసి దేవుణ్ణి చేశారంటున్నావు కదా. మరి అంతకుముందే ఆయన కోసం చచ్చిపోయినవాళ్ళు, ఎవరి కోసం చచ్చిపోతున్నామనుకున్నార్రా?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే నైసియా ఎక్కడుందో కూడా అప్పటికి నాకు తెలీదు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. యేసు దేవుడా కాదా అన్నది చరిత్ర తేల్చే విషయం కాదు. ఎవరు ఎప్పట్నుంచి నమ్మారు, ఎవరికి ఎందుకు నమ్మబుద్ధి కాలేదు అన్నది మాత్రం పాత రాతల్లో దొరుకుతుంది.

నైసియా అంటే ఇప్పటి తుర్కియేలోని ఇజ్నిక్. సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. అప్పట్లో అది బిథినియా ప్రాంతంలో ఉండేది. తమాషా ఏమిటంటే, ఆ సభకి 200 ఏళ్ళ ముందు, సుమారు 112లో, అదే ప్రాంతానికి గవర్నరుగా వచ్చిన ప్లినీ అనే పెద్దమనిషి ట్రాజన్ చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. క్రైస్తవుల మీద ఫిర్యాదులు వస్తున్నాయి, ఏం చెయ్యాలో చెప్పండి అని. వీళ్ళు తెల్లారకముందే ఒకచోట చేరతారనీ, క్రీస్తుని దేవుడిలా తలచుకుని పాట పాడతారనీ అందులో ఉంది. రాసినవాడు క్రైస్తవుడు కాదు, వాళ్ళకి మరణశిక్షలు వేయించినవాడు. ఇంతకన్నా మంచి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది చెప్పండి? ఇంకా వెనక్కి వెళితే, 50లలో పౌలు రాసిన ఉత్తరాల్లోనే యేసుని ప్రార్థించేవాళ్ళు కనిపిస్తారు. అంటే సిలువ వేసిన పాతికేళ్ళలోపే. కాబట్టి నా ఫార్వర్డ్ అక్కడే పోయింది.

ప్లినీ పెట్టిన పరీక్ష ఏమిటంటే, చక్రవర్తి విగ్రహం ముందు ధూపం వేసి, ద్రాక్షసారా పోసి, క్రీస్తుని తిట్టాలి. చేస్తే వదిలేస్తాడు. మొండికేస్తే చావే. చాలామంది చేసేశారు. మేం ఎప్పుడో మానేశామండీ అన్నవాళ్ళూ ఉన్నారు. మూడేళ్ళ క్రితం అని కొందరు, ఇరవై ఏళ్ళ క్రితమే అని ఇంకొందరు. నిజం రాబట్టడానికి ఇద్దరు బానిస స్త్రీలని చిత్రహింస పెట్టించాడు. సంఘంలో వాళ్ళిద్దరికీ సేవకురాళ్ళు అనే హోదా ఉందట. ఆ ఇద్దరినీ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు నమ్మనివాళ్ళ వైపు నుంచి చూద్దాం. దేవుడు మనిషిగా పుట్టాడంటే మనకి వింతేం కాదు. రాముడు, కృష్ణుడు కథలు వింటూ పెరిగాం. కానీ దేవుడు ఒక్కడే అని రోజూ ప్రార్థనలో చెప్పుకునే యూదుడికి అది దైవదూషణ. చదువుకున్న గ్రీకువాడికేమో దేవుడంటే మారనివాడు, బాధ తెలియనివాడు. అలాంటివాడు సిలువ మీద చావడమేంటి? సిలువంటే ఇప్పుడు మెళ్ళో వేసుకునే లాకెట్. అప్పుడు బానిసలకీ తిరుగుబాటుదారులకీ వేసే శిక్ష, పరమ అవమానం. రోమ్‌లో పాలటైన్ కొండ మీద ఒక గోడ బొమ్మ 1857లో బయటపడింది. సిలువ మీద గాడిద తలున్న మనిషి, కింద చెయ్యెత్తి మొక్కుతున్న కుర్రాడు. అలెక్సామెనోస్ తన దేవుడికి మొక్కుతున్నాడు అని పక్కన గ్రీకులో గీకారు. సుమారు 1800 ఏళ్ళ నాటి ట్రోల్ మీమ్ అనుకోండి.

రెండో శతాబ్దంలో సెల్సస్ అనే తత్వవేత్త ఏకంగా పుస్తకమే రాశాడు. అది పోయింది కానీ, దానికి ఓరిజెన్ రాసిన జవాబు మిగలబట్టి సెల్సస్ మాటలు మనదాకా వచ్చాయి. తిరిగి లేచినవాడు తనకి శిక్ష వేసినవాళ్ళకే కనిపించాల్సింది కదా అంటాడు. ఇవాళ్టికీ వినపడే ప్రశ్నే. ఇంకో వెటకారం కూడా ఉంది. ఈ మతంలో చేరేవాళ్ళు ఉన్ని పనివాళ్ళు, చెప్పులు కుట్టేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, బానిసలు, ఆడవాళ్ళు అని.

నాకు ఇక్కడే లైటు వెలిగింది. సెల్సస్ ఎగతాళిగా చెప్పిందే, వాళ్ళు ఎందుకు నమ్మారో చెబుతోంది. బానిసకి పడే శిక్ష దేవుడికే పడింది అంటే పండితుడికి అసహ్యం వేసింది. ప్లినీ చిత్రహింస పెట్టిన ఆ ఇద్దరు స్త్రీలకి ఆ మాట ఎలా వినపడి ఉంటుంది? నా లెక్కలో ఒకే విషయం ఒకడి సందేహానికీ ఇంకొకరి నమ్మకానికీ కారణమైంది. కారణం అదొక్కటే అనను. రోగుల్ని చూసుకోవడం, పేదల్ని ఆదుకోవడం లాంటివి చాలా ఉన్నాయి, అది వేరే ఎపిసోడ్.

మరి నైసియాలో జరిగిందేంటి? అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే ప్రీస్టు ఉండేవాడు. ఆయనా నమ్మేవాడే, యేసుని పూజించేవాడే. కాకపోతే కుమారుడు తండ్రి సృష్టించినవాడు, ఒకప్పుడు లేడు అన్నాడు. పాటలు కట్టి మరీ నావికుల్లోకి, తిరగలి పనివాళ్ళలోకి తీసుకెళ్ళాడు. తండ్రి అయిన దేవుడి గొప్పతనం తగ్గకూడదన్నది ఆయన బాధ. అవతలి పక్షంలో అథనేషియస్ బాధ వేరు. సృష్టించబడినవాడు ఇంకో సృష్టిని ఎలా రక్షిస్తాడు? అని. అంటే గొడవ మనిషా, దేవుడా అని కాదు. ఏ స్థాయి దేవుడు అని.

కాన్‌స్టాంటైన్ సభ పిలిచాడు, నిజమే. తండ్రిదీ కుమారుడిదీ ఒకే సారం అని రాసుకున్నారు. చివరిదాకా సంతకం పెట్టననన్న బిషప్పులు ఇద్దరే. వాళ్ళనీ ఏరియస్‌నీ దేశం నుంచి వెళ్ళగొట్టారు. రాజు భయం పనిచెయ్యలేదని నేననను. కానీ ఆ భయం ఎంతకాలం పనిచేసింది? కొన్నేళ్ళకే కాన్‌స్టాంటైన్ ఏరియస్‌ని వెనక్కి పిలిపించాడు. 337లో చనిపోయే ముందు బాప్తిస్మం తీసుకున్నది ఏరియస్‌ని సమర్థించిన బిషప్పు చేతుల మీదే. ఆయన కొడుకు కాన్‌స్టాంటియస్ ఏరియస్ వర్గం వైపే మొగ్గాడు. గెలిచాడనుకున్న అథనేషియస్‌ని ఐదుసార్లు వెళ్ళగొట్టారు. 381లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఇంకో సభ పెట్టాల్సి వచ్చింది. ఆ రోజుల్లో ఆ నగరంలో రొట్టె ధర అడిగితే తండ్రి పెద్దా, కుమారుడు పెద్దా అని వాదన మొదలుపెట్టేవారని నిస్సాకి చెందిన గ్రెగరీ విసుక్కున్నాడు. 56 ఏళ్ళు పట్టిందండీ, ఒక్క ఓటింగ్ కాదు.

మొన్న మా రూమ్మేట్‌కి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. నైసియా విశ్వాస ప్రమాణం వాడికి చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చట, వాళ్ళ చర్చిలో చెబుతారు కాబట్టి. నేను హాస్టల్లో నైసియా నైసియా అని ఊగిపోయినప్పుడు ఆ సంగతి ఒక్క ముక్క కూడా అనలేదు. అంతా విని, "ఇరవై ఏళ్ళ క్రితమే మానేశామన్నారు చూడు, వాళ్ళెందుకు మానేశార్రా?" అన్నాడు.

ప్లినీ అది రాయలేదు. ఆయనకి మానేశారా లేదా అన్నదే కావాలి, ఎందుకో అక్కర్లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండీ.